పరీక్షకు దొరకని మొగుడు కావడం ఎలా? పదమూడు చిట్కాలు

పెళ్లై ఏడాది దాటింది. ఇంట్లో ఊయల కట్టలేదు. అమ్మ మొక్కుల లెక్క మొదలుపెట్టింది, ఎదురింటి పెద్దమ్మ నెలల లెక్క మొదలుపెట్టింది. ఇలాంటప్పుడు కర్ణాటకలోని కంప్లి పేటలోనైనా, చుట్టుపక్కల క్యాంపు ఊళ్లలోనైనా కాపురం చేసుకుంటున్న మగవాడికి ఒకటే గండం. ఎవరో ఒకరు పుణ్యాత్ములు, "నువ్వు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోరాదూ" అంటారు.

ఆ మాట చెవిన పడిన క్షణం నుంచి మీ ధ్యేయం ఒక్కటే కావాలి. ఆ పరీక్ష కాగితం మీద మీ పేరు ఎక్కకూడదు. పిల్లలు పుట్టడం దేవుడి పని. కాగితం తప్పించుకోవడం మన పని. దేవుడి పనిలో వేలు పెట్టకుండా మన పని మనం శ్రద్ధగా చేసుకుందాం. కింది చిట్కాలను వరసగా పాటించండి. ఖర్చు లేదు, కష్టం అసలే లేదు. జేబులో ఒక ఫోను ఉంటే చాలు.

1. ముందు నేరస్తుణ్ని సిద్ధం చేసుకోండి

నిందితుడు లేకుండా కేసు నిలవదు. ఫోను కన్నా మంచి నిందితుడు దొరకడు. అది ఎదురు చెప్పదు, లాయరును పెట్టుకోదు, అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి అందరూ నమ్ముతారు.

సాక్ష్యం కూడా చేతిలో ఉంచుకోండి. 2008లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకుడు అశోక్ అగర్వాల్ బృందం 361 మంది మగవాళ్ల వీర్యాన్ని పరీక్షించింది. రోజుకు ఎంత ఎక్కువసేపు సెల్‌ఫోన్ వాడితే వీర్యకణాల సంఖ్య, కదలిక అంతగా తగ్గి కనిపించాయి. ఇంతవరకే చెప్పండి. ఆ 361 మందీ పిల్లలు కలగక ఆసుపత్రికి వచ్చినవాళ్లేనన్న సంగతి మింగేయండి. వాళ్లు పొగ తాగేవాళ్లా, రాత్రుళ్లు నిద్రపోయేవాళ్లా అన్న ఆరాలు మనకెందుకు?

చివర్లో బరువుగా ఒక మాట అనండి. "రేపటి నుంచి ఫోను తగ్గిస్తా. మూడు నెలలు చూద్దాం." వీర్యకణం తయారవడానికి సుమారు 70 రోజులు పడుతుంది కనుక మూడు నెలల గడువు డాక్టరు చెప్పినంత గంభీరంగా వినిపిస్తుంది. గడువు చేతికొచ్చింది. ఫోను తీసి రీల్స్ చూసుకోండి.

2. నిజంగానే తగ్గించమంటే ప్లేటు తిప్పేయండి

మూడు రోజులకే మీ ఆవిడ "ఏమండీ, ఫోను తగ్గిస్తానన్నారు కదా" అంటుంది. ఇప్పుడు రెండో సాక్షిని ప్రవేశపెట్టండి. ఇతను స్విట్జర్లాండ్ నుంచి వచ్చాడు కాబట్టి గౌరవం ఎక్కువ. జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 2005 నుంచి 2018 వరకు, సైన్యంలో చేరే వయసు కుర్రాళ్లు 2,886 మందిని పరిశీలించి 2023లో ఫలితాలు అచ్చువేశారు. ఫోను ప్యాంటు జేబులో పెట్టుకోవడానికీ, వీర్యకణాల సంఖ్యకూ సంబంధం కనబడలేదన్నారు. 2జీ కాలంలో బలంగా కనిపించిన తేడా 4జీ వచ్చేసరికి పలచబడిందనీ అన్నారు. "చూశావా, జేబులో ఉంటే ఏమీ కాదట" అనండి. ఇంకా గొడవైతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా జరిగిన సమీక్ష కూడా 2024లో మనుషుల మీద జరిగిన అధ్యయనాల రుజువులు చాలా బలహీనంగా ఉన్నాయన్నదని చెప్పండి.

అదే స్విస్ అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. రోజుకు 20 సార్లకు మించి ఫోను వాడేవాళ్లలో మిల్లీలీటరుకు 4.45 కోట్ల కణాలు, వారానికి ఒక్కసారికి మించి వాడనివాళ్లలో 5.65 కోట్లు. ఈ అంకెను బయటకు రానివ్వకండి. ఇంటర్ చదివిన మరదలు ఎవరైనా ఉంటే వెంటనే పట్టేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కింది హద్దు మిల్లీలీటరుకు 1.6 కోట్లు. ఎడాపెడా ఫోను వాడిన కుర్రాళ్లు కూడా ఆ హద్దుకు ఎంతో పైన ఉన్నారు. "అంటే బావా, ఒక్క ఫోను వల్లే ఇంత కాలం ఆగదు కదా, అసలు కారణం వేరే ఏదో ఉంటుంది, పరీక్ష చేయించుకో" అంటుంది. మన కోట కూలిపోయినట్టే.

3. ఇంకా అవసరమైతే టవర్‌ను లాగండి

ఫోను మీ ఒక్కరిది. టవర్ ఊరందరిది. నింద ఊరందరికీ పంచితే మీ వాటా చిల్లర. నలుగురు కుర్రాళ్లను పోగేసి తాలూకా ఆఫీసులో అర్జీ ఇవ్వండి. అర్జీ కదలడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ మీవే.

టవర్ల నుంచి వెలువడే తరంగాలకు మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ హద్దులో పదో వంతే అనుమతి అన్న సంగతి అర్జీలో రాయకండి. అదే టవర్ నీడలో ఉన్న పక్కింట్లో ముగ్గురు పిల్లలు గోల చేస్తుంటే కిటికీ మూసేయండి.

చెరుకు తోట నడుమ, సిగ్నలు ఒక్క గీత ఉన్నచోట నిలబడి గంటసేపు మాట్లాడటం అలవాటు చేసుకోండి. సిగ్నలు అందనప్పుడే ఫోను ఎక్కువ శక్తితో తరంగాలు వదులుతుంది. టవర్ దూరమైతే మంచిదని వాదించే మీకు ఇది కాస్త ఇబ్బందే అయినా, ఎవరూ అడగరు.

4. రాత్రిని ఫోనుకు రాసిచ్చేయండి

పిల్లలు కలగాలంటే ఇద్దరూ ఒకే సమయానికి మేలుకుని ఉండాలి, కనీసం ఒకరి వైపు ఒకరు తిరిగి ఉండాలి. ఈ ఏర్పాటును చెడగొట్టడానికి ఏ తరంగాలూ అక్కర్లేదు. పదింటికి పడుకుని పదకొండుకు రీల్స్ మొదలుపెట్టండి. ఒంటిగంటకు ఎవరో రాజమండ్రిలో పులస వండుతుంటే చూడండి. రెండింటికి నిద్రపోండి. ఆవిడ గోడ వైపు తిరిగి ఎప్పుడో నిద్రపోయి ఉంటుంది.

డాక్టరు "వారానికి ఎన్నిసార్లు కలుస్తున్నారు?" అని అడిగితే పైకప్పు వైపు చూడండి. "పొలం పని ఒత్తిడి సార్" అనండి. ఫోన్లో రోజుకు ఎన్ని గంటలు గడిపారో ఫోనే లెక్క చూపిస్తుంది. ఆ పేజీ మాత్రం ఆయనకు చూపించకండి.

5. ఎండను వృథా పోనివ్వకండి

వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని చేస్తాయి. ప్రకృతి వాటిని బయట వేలాడదీసింది అందుకే. మనం ఆ ఏర్పాటును సరిదిద్దుదాం. బళ్లారి ఎండ ఉచితం. బళ్లారి జీన్స్ చవక. ఒక సైజు తక్కువది కొని బిగించండి. మిట్టమధ్యాహ్నం కాగిన బైకు సీటు మీద కూర్చుని బళ్లారి దాకా వెళ్లి రండి.

ఆఫీసు పని ఉన్నవాళ్లు ల్యాప్‌టాప్‌ను ఒళ్లోనే పెట్టుకోండి. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలో 29 మందిని గంటసేపు అలా కూర్చోబెడితే వృషణాల దగ్గరి వేడి రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగింది. బల్లకు పెట్టే డబ్బు మిగిలింది.

6. మిగతా ముద్దాయిలను విడుదల చేయండి

నేరం ఫోను మీద మోపాక సిగరెట్టు, మందు, గుట్కా నిర్దోషులే. కర్ణాటకలో గుట్కా నిషేధం 2013లోనే వచ్చింది. అంటే దుకాణంలో పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం విడివిడిగా కొని అరచేతిలో కలుపుకుంటే చట్టాన్ని గౌరవించినట్టే. పొగాకు వీర్యకణాల సంఖ్యనూ కదలికనూ దెబ్బతీస్తుందని డాక్టరు చెబితే, నోట్లో ముద్ద ఉంది కనుక తల మాత్రం ఊపండి. బయటకొచ్చాక ఉమ్మేసి, "ఈ రేడియేషన్‌తో చస్తున్నాం" అనండి.

7. కండలు పెంచండి, మగతనం కనబడాలి

పిల్లలు లేకపోతే లోకం మగతనాన్ని శంకిస్తుంది. లోకానికి చేతి కండలు చూపించండి. జిమ్ములో ఎవరో తెచ్చిచ్చే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ వేయించుకోండి. మగ హార్మోను ఇంకాస్త ఎక్కిస్తే మగతనం పెరుగుతుందన్నది చిన్న పిల్లాడికి కూడా అర్థమయ్యే లెక్క.

ఒళ్లు మాత్రం వేరే లెక్క వేస్తుంది. బయటి నుంచి హార్మోను వస్తోందని తెలియగానే లోపలి కార్ఖానాకు తాళం వేసేస్తుంది. ఈ సంగతి ఎంత ఖాయమంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌ను మగవాళ్ల గర్భనిరోధక సాధనంగానే పరీక్షించి 1990లో ఫలితాలు అచ్చువేయించింది. ఇన్ని చిట్కాల్లో ఇంత నమ్మకంగా పనిచేసేది ఇంకొకటి లేదు. పైగా అద్దంలో చూసుకుంటే ముచ్చటగా ఉంటారు.

8. మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టకండి

తుంగభద్ర కాలువ కింద వరి, చెరుకు, అరటి. మూడింటికీ మందులు కొడతాం. డ్రమ్ములో చేత్తోనే కలపండి, గాలికి ఎదురుగా నిలబడి కొట్టండి, అదే లుంగీతో ఇంటికి రండి. జేబులో ఫోను మాత్రం తప్పకుండా ఉంచుకోండి, ఎందుకంటే తర్వాత నింద దానిదే.

1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే ఫ్యాక్టరీ పనివాళ్లు, మాకెవరికీ పిల్లలు కలగడం లేదేమిటని తమలో తాము మాట్లాడుకుని పరీక్షకు వెళ్లారు. కొందరిలో వీర్యకణాలు ఒక్కటీ లేవు. అదే మందు వాడిన కోస్టారికా అరటితోటల్లో కూలీలు వేల సంఖ్యలో దెబ్బతిన్నారు. వాళ్లు చేసిన పొరపాటు గమనించారా? మగవాళ్లు మగవాళ్లతో ఆ విషయం మాట్లాడుకున్నారు. అందుకే బయటపడింది. మీరు టీ బంకు దగ్గర క్రికెట్టు, డ్యాం నీటిమట్టం తప్ప ఇంకో మాట ఎత్తకండి.

9. కవచం అతికించండి

ఏమీ చేయడం లేదన్న మాట రాకుండా ఏదో ఒకటి చేయాలి. చవకైనది చేయండి. 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షుడు వల్లభ్‌భాయ్ కథీరియా ఢిల్లీలో ఆవుపేడ చిప్పు ఒకటి చూపించి, ఫోనుకు పెట్టుకుంటే రేడియేషన్ తగ్గుతుందన్నారు. వందల మంది శాస్త్రవేత్తలు రుజువేదీ అని లేఖ రాశారు. మీరు లేఖ చదవకండి, చిప్పు అతికించండి. మన దొడ్లోనూ ఆవు ఉంది.

ఫోన్లో స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ నొక్కితే దాని రేడియేషన్ అంకె కనిపిస్తుంది. మన దేశంలో కిలోకు 1.6 వాట్ల హద్దు దాటకూడదు. ఆ అంకెను ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టండి. వీర్యం అంకె అడిగినవాళ్లకు ఈ అంకె చూపించండి.

10. ముందు ఆవిడను పంపండి

ఇది గుండెకాయ లాంటి చిట్కా, నిదానంగా చదవండి.

సంతానం కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. అతని పరీక్షకు సూది లేదు, మత్తు లేదు, కత్తి లేదు. కొన్ని వందల రూపాయలు, ఒక డబ్బా, ఒక తలుపు గడియ. అందుకే తెలివైన ఇంట్లో దాన్ని చిట్టచివరకు పెడతారు.

వరస ఇలా ఉండాలి. మొదట ఆవిడకు రక్తపరీక్షలు. తర్వాత థైరాయిడ్. తర్వాత నెలనెలా స్కానింగు. తర్వాత గర్భసంచిలోకి మందు ఎక్కించి ట్యూబుల ఎక్స్‌రే. ఆ నొప్పికి ఆవిడ బల్ల అంచు పట్టుకుంటే మీరు బయట కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటూ ఉండండి. అన్నీ బాగున్నాయని రిపోర్టు వస్తే కంగారు పడకండి. "ఈ ల్యాబు మంచిది కాదు, హోస్పేటలో మళ్లీ చేయిద్దాం" అనండి.

ఆసుపత్రులు అయ్యాక దేవుళ్లు. హులిగెమ్మకు మొక్కు, రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ, తడిబట్టలతో ప్రదక్షిణలు. మీరు బండి మీద దింపి, కొబ్బరికాయ కొట్టేవేళకు వస్తే చాలు. వీర్యకణాల కోసం కూడా ఆవిడే ఉపవాసం ఉంటుంది.

శ్రీమంతాలకు ఆవిడను పిలవడం మానేస్తారు. పిలిచినా బిడ్డను చేతికివ్వరు. మీరు ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. లోపం ఎవరిదో ఊరు తనంతట తానే తీర్పు చెప్పేస్తుంది. మీరు మౌనంగా ఉంటే "పాపం, ఎంత మంచివాడు, పల్లెత్తు మాట అనడు" అన్న పేరు అదనం.

అమ్మ రెండో పెళ్లి మాట ఎత్తితే మాత్రం గట్టిగా వద్దనండి. మంచితనం వల్ల కాదు. రెండో ఆవిడకూ కడుపు పండకపోతే లెక్క మీ వైపు తిరుగుతుంది.

11. గంగావతిలో అపాయింట్‌మెంటు తీసుకోండి

చివరికి మీ పేరున తేదీ రాయించాల్సి వచ్చిందా? హోస్పేట వద్దు, బళ్లారి వద్దు. ఆ రెండింటికీ నది దాటే పని లేదు. గంగావతిలోనే తీసుకోండి, అదీ ఆగస్టులో. డ్యాం గేట్లు ఎత్తితే కంప్లి వంతెన మీద నీళ్లు పారతాయి, రాకపోకలు ఆపేస్తారు. తుంగభద్రమ్మే మీకు సెలవు చీటీ రాసిచ్చినట్టు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు ఏ మొగుడూ ఏ ల్యాబుకూ వెళ్లకపోయినా ఎవరూ తప్పు పట్టి ఉండరు. ప్రతి ఏడూ అంత అదృష్టం రాదు కాబట్టి మిగతా నెలలకు కూడా సాకులు రాసిపెట్టుకోండి. జూలైలో కాలువకు నీళ్లు వదిలారు, నారు పోయాలి. సెప్టెంబరులో ఎరువు. డిసెంబరులో కోత మిషను దొరకదు. జనవరిలో రెండో పంట. ఏప్రిల్లో ఎండ. మేలో పెళ్లిళ్లు. జూన్‌లో విత్తనం, అప్పు, పిల్లల బడి ఫీజు. పిల్లలు లేరు కదా అంటే అన్నగారి పిల్లలది అనండి.

12. డబ్బా చేతికొచ్చినా ధైర్యం వదలకండి

"కంపిలి రాజకుమారుడు కుమారరాముడి గడ్డ ఇది, 1327లో ఢిల్లీ సుల్తాను సైన్యానికే వెన్ను చూపలేదు, ప్లాస్టిక్ డబ్బాకు భయమేమిటి?" అని మామగారు రెచ్చగొడతారు. లొంగకండి. కుమారరాముడికి ఎదురొచ్చింది సైన్యం. మీకు ఎదురొచ్చేది, మూడు వీధుల అవతలి ల్యాబులో కూర్చున్న, మీతో బడిలో చదువుకున్న టెక్నీషియను.

తప్పదంటే పరీక్షనే పనికిరాకుండా చేయండి. ముందు రోజు రాత్రే కలవండి, లేదా నెలంతా దూరంగా ఉండండి. ఇంట్లో తీసిన నమూనాను బైకు డిక్కీలో పెట్టి, ఎండలో రెండు చోట్ల ఆగి, మధ్యాహ్నం టీ తాగి ఇవ్వండి. అంకె తక్కువొస్తే ల్యాబు తప్పు. ఎక్కువొస్తే ఫ్రేము కట్టించండి.

కింది పనులు మాత్రం పొరపాటున కూడా చేయవద్దు. చేస్తే పథకమంతా పాడవుతుంది. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇవ్వడం. గంటలోపు, ఒంటి వేడి తగ్గకుండా ల్యాబుకు చేర్చడం. మొదటిసారి తక్కువొస్తే కంగారు పడకుండా కొన్ని వారాలాగి మళ్లీ చేయించడం. డాక్టరును ఒకసారి చేత్తో పరీక్షించనివ్వడం. ఈ చివరిది మరీ ప్రమాదకరం. వృషణాల పైన రక్తనాళాలు ఉబ్బే వరికోసీల్ సుమారు నూటికి 15 మంది మగవాళ్లలో ఉంటుంది, నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది, అవసరమైతే చిన్న ఆపరేషనుతో సరిచేయొచ్చు. జన్యువుల్లోనే లోపం ఉంటే అది కూడా తెలుసుకునే దారులున్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల బృందం 2022లో మగవాళ్ల సంతానలేమికి సంబంధించిన ఎనిమిది కొత్త జన్యువులను ప్రకటించింది. ఇలా కారణం తెలిసిపోవడం మొదలైతే ఫోనును ఎవరు నమ్ముతారు?

13. తొందరపడకండి, కాలం మీ పక్షమే

ఆవిడకు 35 దాటాక అండాల సంఖ్య, నాణ్యత వేగంగా పడిపోతాయి. అప్పుడు ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, "వయసు కాస్త ఎక్కువైందమ్మా" అని ఆవిడతోనే అంటారు. ఇన్నేళ్లూ మీరు వాయిదా వేసిన ప్రతి నెలా చివరికి ఆవిడ వయసు ఖాతాలోనే పడుతుంది. ఆ రోజు మీ గెలుపు పూర్తయినట్టు. ఆవిడ ఫైలు మూడు కిలోలుంటుంది. అందులో మీ పేరు ఒక్కచోటే కనిపిస్తుంది, భర్త అన్న గడిలో.

చివరగా ఒక హెచ్చరిక. ఈ పేజీ మీ చెల్లెలి మొగుడి కంట పడకుండా దాచండి. అతను కూడా ఫోను వాడతాడు, అతనికీ వంతెన మీద నీళ్లు పారతాయి. మీ చెల్లెలికి ఏడాది దాటినా నెల తప్పకపోతే మీ అమ్మ మొక్కుల దాకా ఆగదు. "ఒరేయ్, ముందు అల్లుడుగారికి పరీక్ష చేయించమను. మగాళ్లలో కూడా ఉంటుందట, కొన్ని వందల రూపాయల పనేనట" అంటుంది. అన్నీ తెలిసిన మనిషే. మీ విషయంలో ఎందుకు అనలేదని మాత్రం అడగకండి.